మీరాలం చెరువు వనము

పల్లెలో పుట్టినవానికి పొలిమేర దాటినంతనే చెట్లగుంపు కనబడును. పట్టణములో పుట్టినవానికి అడవి యనగా పుస్తకములోని బొమ్మయే. అందును హైదరాబాదు పాతబస్తీ వంటి చోట ఇంటిగోడకు ఇంటిగోడ తగిలి, సందునకు సందు అల్లుకొని యుండును. లాడ్‌బజారులో గాజుల తళుకులును, పత్తర్‌గట్టిలో దుకాణముల వరుసలును, మక్కా మసీదు ముంగిట పావురముల గుంపులును చూచి మురిసినవారితో, ఇచటికి క్రోసెడు దూరములో వందల ఎకరముల చెట్లనీడ కలదని చెప్పినచో వెంటనే నమ్మరు. ఐనను అది నిజము. చార్మినారునకు నైరుతి దిక్కుగా, బహదూర్‌పురా ప్రాంతమున, మీరాలం చెరువు నానుకొని 380 ఎకరముల వనమొకటి కలదు. నెహ్రూ జంతుప్రదర్శనశాల యనగా నగరమున అందఱికిని తెలియును. అది ఒక వనమనియు, ఆ వనము అంచున రెండు శతాబ్దములు దాటిన అద్భుతమైన కట్టడ మొకటి కలదనియు ఎఱిగినవారు తక్కువ.

సెలవు దినములలో జనులు గుంపులు గుంపులుగా అచటికి పోవుదురు. సింహమును చూతురు, పులిని చూతురు, ఏనుగును చూచి బిడ్డలకు చూపుదురు, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. అందు తప్పేమియు లేదు. కాని బోనులకును బోనులకును నడుమ నున్న చెట్లను, గుండ్లను, నీటిని, రాతికట్టను చూడక తిరిగి వచ్చినవాడు పుస్తకములోని బొమ్మలు మాత్రము చూచి కథ చదువక మూసినవాని వంటివాడు. ఆ కథను చదువుటకు కావలసినవి రెండే: కాలినడక, నిదానము.

ఈ వనమును చూడబోవువాడు నేరుగా దాని ద్వారమునకు పోక, కొంచెము ముందుగా, మూసీనది ఉత్తరపు టొడ్డున నున్న ఒక చెట్టు దగ్గఱ నడక మొదలిడుట మేలు. అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున, ముదుసలి చింతచెట్టు ఒకటి కలదు. ఇది వనము కాదు, ఒంటరి చెట్టు. కాని ఒక చెట్టు విలువ తెలిసినవానికే వనము విలువ తెలియును.

1908వ సంవత్సరము సెప్టెంబరు నెల 28వ తేదీన మూసీనది పొంగెను. ఎడతెగని వర్షములచే ఎగువనున్న చెరువులు అనేకములు తెగి, ఆ నీరంతయు ఒక్కుమ్మడిగా నగరముపై బడెను. ఒడ్డున నున్న పేటలు పేటలే కొట్టుకొనిపోయెను. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడును దెబ్బతిని తెగెను. వేలకొలది ప్రజలు మడిసిరి. ఉర్దూ కవులలో ప్రసిద్ధుడైన అమ్‌జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తన తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొనెను. అట్టి ప్రళయములో సుమారు 150 మంది ఈ చింతచెట్టు కొమ్మల నెక్కి, వాని నంటిపెట్టుకొని, ప్రాణములు దక్కించుకొనిరి. రాతి మేడలు కూలిన చోట చెట్టు కూలలేదు.

అది దైవలీల యని కొందఱు తలతురు. దానిలో చెట్టు స్వభావము కూడ కలదు. చింత మెల్లగా ఎదుగును. ఎదిగినకొలది వేళ్లు లోతునకు దిగి నేలను గట్టిగా పట్టుకొనును. దాని కొమ్మ వంగునే కాని తేలికగా విఱుగదు. చింతబరికె దెబ్బ తిన్న వెనుకటి బడిపిల్లలకు ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు! ఆ చెట్టును నాటినవా రెవ్వరో, అది తనంతట మొలచినదో, నేడెవ్వరికిని తెలియదు. దానిని నఱకక విడిచిన చేతులకు మాత్రము 150 కుటుంబములు ఋణపడి యున్నవి.

అచటినుండి నది వెంబడి పడమరగా సాగినచో పురానాపూల్ వచ్చును. పూల్ అనగా వంతెన. పురానా అనగా పాతది. దీనిని 1578లో గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిరి. చార్మినారు వెలసినది 1591లో. కావున నగరము కంటె నగరమునకు దారి ముందుగా పుట్టినదన్నమాట. ఇందు 22 కమానులు కలవు. 1908 నాటి వరదలో మిగిలిన మూడు వంతెనలు తెగిపోగా, నదికి ఇరువైపుల నున్న నగరమును కలిపి నిలిపినది ఈ ముసలి వంతెన యొక్కటే. నేడు దీనిపై బండ్ల రాకపోకలు లేవు. కూరగాయలు అమ్మువారు తట్టలు పెట్టుకొని కూర్చుందురు. నాలుగు శతాబ్దములకు మించి ఏనుగులను, ఫిరంగులను, వరదలను మోసిన కమానులు ఇప్పుడు వంకాయలను, కొత్తిమీరకట్టలను మోయుచున్నవి.

ఇచట ఒక్క నిముస మాగి కమాను పనితనమును తెలిసికొనవలెను. ముందు చూడబోవు కట్టడమునకు ఇదియే తాళపుచెవి. రాతికి ఒక గుణము కలదు. నొక్కినచో ఎంతటి బరువునైనను ఓర్చును. లాగినచో ఓర్వలేక పగులును. రెండు గోడలపై పొడవైన రాతిపలకను అడ్డముగా పెట్టి దానిపై బరువు వేసినయెడల, పలక అడుగుభాగము సాగవలసి వచ్చి బీటవాఱును. అదే రాళ్లను ముక్కలుగా చెక్కి వంపుగా పేర్చినచో, పైబరువునకు ఒక్కొక్క రాయి ప్రక్కరాతిని నొక్కును. అది దాని ప్రక్కదానిని నొక్కును. చివరకు బరువంతయు రెండు ప్రక్కల స్తంభములలోనికి, వాని నుండి నేలలోనికి దిగును. ఏ రాయియు లాగుడునకు లోను కాదు. బరువు పెరిగినకొలది రాళ్లు మఱింత బిగియును. ఇదియే కమాను రహస్యము.

వంతెన దాటినంతనే దక్షిణపు కొసను పురానాపూల్ దర్వాజా నిలిచియున్నది. ఒకప్పుడు నగరము చుట్టును ప్రాకారము, దానికి దర్వాజాలు నుండెడివి. ప్రాకారము చాలవఱకు పోయినది. దర్వాజాలలో నేటికి నిలిచినవి ఇదియు, దబీర్‌పురా దర్వాజాయు మాత్రమే. దీనిని దాటి, బహదూర్‌పురా మీదుగా, బండ్ల రొద నడుమ కొంత దూరము నడువవలెను. పిమ్మట ఎడమ కుడుల ఇండ్లు పలుచబడి, వేపచెట్ల తలలు కనబడును. వనద్వారము వచ్చినది.

ఈ జంతుప్రదర్శనశాలకు 1959వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన శ్రీకారము చుట్టిరి. 1963వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ప్రజలకు తెఱచిరి. అంతకు పూర్వము నగరములోని జంతుశాల నాంపల్లిలోని బాగె ఆమ్ అను ప్రజోద్యానములో నుండెడిది. అచట చోటు చాలలేదు. జంతువులకు విశాలమైన తావు, చెట్లు, నీరు కావలెను. మూడును ఒక్కచోట దొరకిన స్థలము మీరాలం చెరువు ప్రక్కనున్న ఈ గుండ్ల నేల. మెట్టయు, పల్లమును, రాతిగుట్టయు, చెరువు గాలియు కలిసిన ఈ నేలను జంతువుల కొఱకై కాపాడిరి. అందుచే నాలుగు వైపుల నగరము పెరిగి ముంచెత్తినను, ఈ 380 ఎకరములు మాత్రము పచ్చగా మిగిలినవి.

వనములో మొదట కన్నులకు దగులునవి గుండ్లు. ఒకదానిపై ఒకటి ఎవరో పేర్చినట్లు, త్రోసిన దొర్లునట్లు నిలుచును. ఇవి కఠినమైన నల్లసేనపు రాళ్లు; దక్కను పీఠభూమికి ఎముకల వంటివి. భూమి లోతున కరగియున్న పదార్థము మెల్లగా చల్లాఱి గట్టిపడుటచే ఇవి ఏర్పడినవి. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పైనున్న మట్టి కాలక్రమమున కొట్టుకొనిపోగా బండ బయటపడెను. బండలోని నెఱ్ఱెల వెంబడి నీరు దిగి, ఎండకు కాగి, చలికి ముడిగి, అంచులు రాలి, పలకలుగా నున్న రాయి గుండ్రని గుండుగా మాఱెను. కావున వీనిని ఎవరును పేర్చలేదు. వాన, ఎండ, గాలి అను ముగ్గురు శిల్పులు చెక్కిరి. చెరువు సమీపముననున్న మీర్ మహమూద్ పహాడీ కూడ ఇట్టి రాతిగుట్టయే. దానిపై మీర్ మహమూద్ అను సూఫీ మహనీయుని సమాధి కలదు. నగరములో అనేకచోట్ల ఇట్టి గుండ్లను పగులగొట్టి మేడలు లేపిరి. చెక్కుటకు కోట్ల యేండ్లు పట్టిన గుండు పగులుటకు ఒక్క పూట చాలును.

గుండ్ల సందులలో సీతాఫలపు పొదలు పెరుగును. ఇంత రాతిలో ఏ సారము చూచి పెరుగునో యని చూపఱి అబ్బురపడును. వాననీరు బండపై నుండి జాఱి సందులోనికే చేరును. రాలిన ఆకు అచటనే కుళ్లి ఎరువగును. బండనీడ ఆ తేమను ఆఱిపోనీయదు. సీతాఫలమునకు అంతకంటె ఏమి కావలెను? దాని పేరులో సీతమ్మ యున్నను, ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండము. సముద్రములు దాటి వచ్చి దక్కను గుట్టలను తన యిల్లుగా చేసికొన్నది. చింతయు అట్టిదే. దాని ఆదిమస్థానము ఆఫ్రికా యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అరబ్బులు దానికి 'తమర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పేరిడిరి. పులుసు లేని భోజన మెఱుగని తెలుగువానికి చింత పరదేశపు చెట్టన్నచో నవ్వు వచ్చును! నాటి, నీరు పోసి, నీడ ననుభవించిన వారి చెట్టే యగును చెట్టు.

వేప, చింత, మఱ్ఱి, రావి, నేరేడు, తుమ్మ మొదలైన చెట్లను గుర్తుపట్టుట మెట్టనేల పిల్లలకు కష్టము కాదు. ఆకును చూచి కొందఱు గుర్తింతురు. బెరడును చూచి, వాసనను చూచి, నీడను చూచి గుర్తించుట అంతకు మించిన విద్య. వేపనీడ చిక్కగాను చల్లగాను ఉండును. తుమ్మనీడ జల్లెడలోనుండి రాలిన పిండివలె చుక్కలు చుక్కలుగా పడును. ఎండకాలమున మిట్టమధ్యాహ్నము వీధిలోనుండి వచ్చి వేప క్రింద నిలిచినవానికి, నీడయనునది వెలుతురు లేమి మాత్రమే కాదని తెలియును. ఆకులు వేళ్లనుండి తెచ్చుకొన్న నీటిని ఆవిరిగా విడుచును; ఆ ఆవిరి చుట్టునున్న వేడిని తీసికొనిపోవును. చెట్టునీడ గోడనీడ కంటె చల్లగా నుండుటకు ఇది కారణము.

చెరువు దగ్గఱపడినకొలది నేలలో తేమ హెచ్చును, గడ్డి ఎత్తగును, పక్షుల కూతలు మాఱును. అప్పటివఱకు వినవచ్చిన చిలుకల అఱపులు వెనుకబడి, నీటిపక్షుల పిలుపులు వినబడును. కొంగ ఒంటికాలిపై తపస్సు చేయుచుండును. నీటికాకి మునిగి లేచి, ఱెక్కలు విప్పి ఎండకు ఆఱబెట్టుకొనుచుండును. చలికాలమున దూరదేశముల నుండి వలసపక్షులు వచ్చి ఈ నీటిపై వ్రాలును. వానికి పటము లేదు, దిక్సూచి లేదు. ఐనను దారి తప్పవు. పక్షులను చూడగోరువాడు మాటలాడరాదు, పరుగిడరాదు. ఒకచోట కదలక నిలిచినచో, పది నిముసములలో వనము అతనిని మఱచి తన పనిలో తాను పడును. చూచుట అప్పుడు మొదలగును.

ఈ వనమున కొంతకాలము క్రిందటి వఱకు ఒక వృద్ధుడు నివసించెను. అతడు పసిఫిక్ మహాసముద్రములోని గాలపగోస్ దీవుల జాతికి చెందిన పెద్ద తాబేలు. 1963లో బాగె ఆమ్ నుండి ఇచటికి వచ్చెను. తాతలు తమ బాల్యమున చూచిన తాబేటినే మనుమలకు చూపిరి. ఆ మనుమలు పెద్దవారై తమ బిడ్డలను తెచ్చిరి. 2024వ సంవత్సరము మార్చి నెలలో, సుమారు 125 యేండ్ల వయస్సున, అది కన్ను మూసెను. నగరములో రాజ్యములు మాఱినను, రాష్ట్రముల పేర్లు మాఱినను, దానికి పూటపూటకు మేత పెట్టిన చేయి మాత్రము తప్పలేదు. ఒక ప్రాణిని అంతకాలము సాకుట ఒక్క మనుష్యుని వలన నగునది కాదు. ఒకరి తరువాత ఒకరుగా అనేకులు ఆ పనిని అందుకొనవలెను.

మఱియొక చిన్న ప్రాణి కథయు ఇచట చెప్పదగినది. మూషిక జింక యను జంతువు కుందేటి కంటె కొంచెము పెద్దది, కొమ్ములుండవు, ఒంటిపై తెల్లని చుక్కలు, చారలు కలవు. మిక్కిలి పిఱికిది, పగలు పొదలలో దాగి రాత్రి తిరుగును. వేటవలనను, అడవులు తఱుగుటవలనను దీని సంఖ్య తగ్గసాగెను. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రమునకు చెందిన శాస్త్రజ్ఞులు, జంతుప్రదర్శనశాలవారు కలిసి 2010లో వీనిని ఇచట ప్రత్యేకముగా పెంచుటకు పూనుకొనిరి. సంతతి పెరిగినది. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమునకు కొనిపోయి విడిచిరి. సాధారణముగా అడవినుండి జంతువులను పట్టి పట్టణమునకు తెత్తురు. ఇచట పట్టణమే అడవికి జంతువులను తిరిగి యిచ్చినది. బోనునకు ఇంతకంటె మంచి ప్రయోజనము లేదు.

ఇక ఈ నడకకు ఫలము వంటిది మీరాలం ఆనకట్ట. వనము వైపునుండి చూచినవారికి ఇది సామాన్యమైన గట్టువలె కనబడదు. తెలుగునాట చెరువుకట్ట యనగా నిడుపైన మట్టిగట్టు. దానిపై తాటిచెట్లు, క్రింద తూము, చివర అలుగు. ఇచట అట్లు కాక, రాతితోను గచ్చుతోను కట్టిన పెద్ద పెద్ద వంపుగోడలు 21, ఒకదాని ప్రక్క నొకటి, వరుసగా నిలిచియున్నవి. ప్రతి రెండు వంపులు కలియుచోట బలమైన ఊతగోడ కలదు. ఆకాశమునుండి చూచిన పక్షికి నీటి అంచున అర్ధచంద్రులను వరుసగా గ్రుచ్చి హారము చేసినట్లు తోచును.

దీనిని కట్టించినవాడు మీర్ ఆలం అను బిరుదు గల మీర్ అబుల్ ఖాసిం. ఇతడు 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమున నిజాము సైన్యమునకు నాయకుడు. 1804 మొదలు 1808 వఱకు సికందర్ జా ప్రభువునకు దివాను. దివాను పదవిలోనికి వచ్చిన యేడాదియే, 1804 జూలైలో, ఈ చెరువునకు పునాది వేయించెను. 1806 జూన్‌లో పని ముగిసెను. యుద్ధమునందు తన వంతునకు వచ్చిన ధనమును ఇతడు దీనికై వెచ్చించెనని చరిత్రకారులు వ్రాసిరి. యుద్ధమున గడించిన సొమ్ముతో కోటలు, మేడలు కట్టినవారు పెక్కురు. ఇతడు నీరు నిలిపెను. పని ముగిసిన రెండేండ్లకే, 1808లో, మీర్ ఆలం మరణించెను. ఆ నీటిని అతడు త్రాగినది రెండేండ్లు. నగరము త్రాగినది నూఱేండ్లకు పైగా.

ఈ కట్టలోని నేర్పును గ్రహించుటకు పురానాపూల్ కమానును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వంతెన కమాను పైకి వంగియుండును. బరువు పైనుండి వచ్చును. ఇచటి కమాను చెరువువైపునకు వంగియున్నది. బరువు ప్రక్కనుండి వచ్చును. నీరు గోడను త్రోయుకొలది, వంపులోని రాళ్లు ఒకదాని నొకటి నొక్కుకొని బిగియును. ఆ త్రోపుడంతయు వంపు కొనలకు చేరి, ఊతగోడల ద్వారా నేలలోని బండకు దిగును. నిలువుగా నిలిపిన కమానును చదునుగా పరుండబెట్టినచో ఎట్లుండునో, అట్టిదే ఈ కట్ట. ఒక్క నిడుపైన గోడగా కట్టినచో, నీటి త్రోపుడునకు ఆగుటకై దానిని ఎంతో మందముగా కట్టవలసి వచ్చును. వంపు వలన తక్కువ రాతితోనే ఎక్కువ నీరు నిలిచినది. ఇన్ని వంపులతో కట్టిన ఆనకట్టలు ఆ కాలమున ప్రపంచమునందే మిక్కిలి అరుదు. ఇనుపకడ్డీలు లేవు, సిమెంటు లేదు. రెండు శతాబ్దములు దాటినను కట్ట నిలిచియే యున్నది.

రాళ్లను కొట్టినవారి పేర్లు ఏ ఫలకముపైనను లేవు. సున్నమును గానుగలో ఆడించినవారు, తట్టలతో రాళ్లు మోసినవారు, వంపు తప్పకుండ త్రాడుపట్టి కొలిచినవారు ఎందఱో యుందురు. వారి సంతకము రాతిపై నున్న ఉలిగాట్లే. కట్టను చూచినవాడు మీర్ ఆలం పేరును తలచినపుడు వారినికూడ తలచుట న్యాయము.

నగరములో ఇంటింటికి కుళాయి లేని కాలమున పాతబస్తీ దాహమును తీర్చిన జలాశయములలో ఇది ముఖ్యమైనది. 1908 వరద తరువాత ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. 1909లో వచ్చి ఆయన నదిని పరీక్షించి, ఎగువన పెద్ద జలాశయములు కట్టి వరదను ఆపవలెనని సూచించెను. ఆ సూచన ప్రకారము మూసీనదిపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. అవి వరదను ఆపుటతోబాటు నగరమునకు త్రాగునీటినికూడ ఇచ్చెను. అప్పటినుండి మీరాలం చెరువుపై నగరము ఆధారపడుట తగ్గెను. ఆధారపడుట తగ్గినంతనే ఆదరమును తగ్గెను. బావి ఎండిన పిమ్మట దాని చప్టాను ఎవరు కడుగుదురు?

కట్ట చెక్కుచెదరలేదు, చెడినది నీరు. చుట్టును కాలనీలు పెరిగి, వాని మురుగు చెరువులోనికి చేరసాగెను. మురుగునీటిలో గుఱ్ఱపుడెక్క బలిసి పెరుగును. అది నీటిపై పచ్చని తివాచివలె పఱచుకొని కంటికి ఇంపుగా తోచును. కాని దాని క్రింద వెలుతురు చొరక, ప్రాణవాయువు తఱిగి, చేపలు చచ్చును. యంత్రములతో తీసివేసినను, మురుగు ఆగనిచో మరల మొలచును. చెరువు అంచులను మట్టితో పూడ్చి ఆక్రమించుటయు జరిగినది. ఒకనాడు నగరము త్రాగిన నీరు నేడు త్రాగుటకు పనికిరాదు. శత్రువులు వచ్చి చెఱచినది కాదిది. ఇండ్లలోనుండి, వీధులలోనుండి, దినదినము కొంచెము కొంచెముగా చేరిన మలినము.

చెరువును మఱచుట వలన కలుగు కష్టము దాహము మాత్రమే కాదు. 2020వ సంవత్సరము అక్టోబరు నెలలో హైదరాబాదున కుండపోతగా వానలు కురిసెను. పాతబస్తీ పరిసరములలో చెరువుగట్లు తెగి, పెక్కు కాలనీలు మునిగెను. కొందఱు ప్రాణములు గోల్పోయిరి. వాననీరు నిలువవలసిన పల్లములలో ఇండ్లు లేచెను; పాఱవలసిన కాలువలు పూడెను. నీటికి తన పాతదారి జ్ఞాపకముండును. దానికి మనుష్యుడు చోటు విడువనిచో అది తానే చోటు చేసికొనును. 1908లో మూసీ చెప్పిన పాఠమునే, నూట పండ్రెండేండ్ల పిమ్మట చిన్న చెరువులు మరల చెప్పెను.

కావున ఈ వనమును చూడబోవు విద్యార్థి కొన్ని నియమములు పాటింపవలెను. ఉదయముననే బయలుదేఱవలెను, అప్పుడు ఎండ తక్కువ, పక్షుల సందడి యెక్కువ. జంతువులపై రాళ్లు రువ్వుట, వానికి తినుబండారములు వేయుట తగదు. మనుష్యుల తిండి వానికి రోగము తెచ్చును. తీసికొనిపోయిన పొట్లముల కాగితములను, ప్లాస్టిక్కు సంచులను తిరిగి తనతోనే తెచ్చుకొనవలెను. చెట్టుపై పేరు చెక్కరాదు. బెరడు క్రిందనే చెట్టు ఆహారము ప్రవహించును. అచట గాటు పెట్టుట దాని నరమును కోయుటయే. ఒక చిన్న పుస్తకమున తాను చూచిన పది చెట్లు, ఐదు పక్షులు, ఒక కట్టడమును గూర్చి వ్రాసికొన్నచో, మరుసటి యేడు వచ్చినపుడు ఏమి పెరిగినదో, ఏమి తఱిగినదో సరిచూచుకొనవచ్చును. అట్లు ప్రతి యేటను వ్రాసిన పుస్తకము కొంతకాలమునకు ఆ వనపు చరిత్రయే యగును.

చింతచెట్టు, వంతెన, వనము, ఆనకట్ట: ఒక్క ఉదయమున కాలినడకతో చూడదగిన ఈ నాలుగింటిలో ఏదియు తనంతట తాను మిగిలినది కాదు. చెట్టును నఱకనివారు, వంతెనను బాగుచేసినవారు, నేలను అమ్మక విడిచినవారు, కట్టకు రాయి మోసినవారు ఉండుటచేతనే అవి నేటికి నిలిచినవి. వారిలో పెక్కుర పేర్లు తెలియవు. వారు ఎవరికొఱకు ఆ పని చేసిరో ఆ జనులు అప్పటికి పుట్టియైనను లేరు. నేడు పుట్టి ఆ నీడలో నడచువారు ఆ జనులే. మీరాలం చెరువు నీరు మరల తేటపడుటయో, మఱింత నల్లబడుటయో వారి చేతులలోనే యున్నది. కట్ట మాత్రము ఇరువది యొక్క వంపులతో చెరువునకు రొమ్మొగ్గి, తన పని తాను చేయుచునే యున్నది.

ప్రశ్నలు

1. 1908 నాటి మూసీ వరదలో చింతచెట్టు చేసిన మేలును వివరింపుము.
2. కమాను బరువును ఎట్లు మోయును? పురానాపూల్ కమానునకును, మీరాలం ఆనకట్ట వంపునకును గల పోలికను, భేదమును తెలుపుము.
3. మూషిక జింకల విషయమున జంతుప్రదర్శనశాల చేసిన పని యేమి?
4. మీరాలం చెరువు నీరు చెడుటకు కారణములేవి? వానిలో నివారింపదగినవి యేవి?
5. మీ యూరిలోని ఒక పాత చెరువును గాని, చెట్టును గాని, కట్టడమును గాని చూచివచ్చి, దానిని నిలిపినవారిని గూర్చి పెద్దలను అడిగి, ఒక వ్యాసము వ్రాయుము.